ప్రశ్న రాసేవాళ్ల వాటా కూడా లెక్కేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

హైస్కూలు పిల్లల క్విజ్‌లు, సైన్స్ ఫెయిర్లు, ఒలింపియాడ్‌ల మీద ఈమధ్య మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. పోటీ హాల్లోకి అడుగుపెట్టాక కలిగినింటి పిల్లాడికైనా లేనింటి పిల్లాడికైనా ఒకటే ప్రశ్న, ఒకటే సమయం, ఒకటే స్టాప్‌వాచ్ కాబట్టి అక్కడ డబ్బు ప్రసక్తే ఉండదని వ్యాసకర్త తేల్చేశారు. ఆ స్టాప్‌వాచ్ చాలా ఏళ్లు నా చేతిలో ఉంది. అందుకే ఈ ఉత్తరం.

నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. పాఠాలతోపాటు ఇరవై రెండేళ్లు స్కూళ్ల మధ్య జరిగే క్విజ్‌లకు ప్రశ్నలు రాశాను, వేదికెక్కి అడిగాను, సైన్స్ ఫెయిర్లకు జడ్జిగా వెళ్లాను. పక్షపాతం చూపించానని నన్ను ఎవరూ అనలేదు. నాకు నేనూ అనుకోలేదు. ఎవరి పిల్లలో, ఏ స్కూలో చూడకుండా మార్కులు వేసేదాన్ని. స్కోరు బోర్డు దగ్గర ఒక మార్కు తేడా వచ్చినా ఆట ఆపించి సరిచేయించేదాన్ని. మా తోటి టీచర్లు నన్ను ‘తక్కెడ’ అని ఆటపట్టించేవాళ్లు.

ముందు బజర్ సంగతి చెప్తాను. చూడని వాళ్లకు అది చిన్న విషయంలా కనిపిస్తుంది. క్విజ్ ఫైనల్స్‌లో ప్రతి జట్టు ముందూ ఒక బజర్ ఉంటుంది, ఎవరు ముందు నొక్కితే వాళ్లకు అవకాశం. బజర్లు కొనుక్కుని ఏడాది పొడవునా సాధన చేసిన స్కూలు పిల్లలు ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగరు. ప్రశ్న ఎక్కడ మలుపు తిరుగుతుందో వాళ్లకు చెవికి తెలిసిపోతుంది. "మూలకాల ఆవర్తన పట్టికను రూపొందించిన రష్యన్ శాస్త్రవేత్త మెండలీవ్. ఆయన ఖాళీ వదిలి, ఎకా-అల్యూమినియం అని పేరు పెట్టిన..." అనేసరికి టక్‌మని నొక్కేస్తారు. నొక్కాక కొన్ని సెకన్లు ఉంటాయిగా, ఆ వ్యవధిలో జవాబు గాలియం అని గుర్తుచేసుకుంటారు. అంటే జవాబు తెలిసి నొక్కడం వేరు, తెలుస్తుందన్న నమ్మకంతో నొక్కడం వేరు. ఈ రెండోది నేర్పితే వచ్చేది. నేర్పాలంటే బజర్ ఉండాలి, సాయంత్రం స్కూలయ్యాక కూర్చోబెట్టే మనిషి ఉండాలి, పిల్లాడికి ఆ సాయంత్రం ఇంట్లో వేరే పని లేకుండా ఉండాలి.

ఒక ఏడాది ఫైనల్స్‌కి మొదటిసారి వచ్చిన జట్టొకటి ఉంది. అందులో చివర కూర్చున్న అబ్బాయి నాకు బాగా కనిపిస్తున్నాడు. నేను ప్రశ్న చదువుతుంటే వాడి పెదాలు జవాబు పలుకుతున్నాయి. నాలుగు ప్రశ్నలకు వరసగా చూశాను, నాలుగూ సరైనవే. చెయ్యి మాత్రం బజర్ పక్కన బల్ల మీద ఉంది. నేను ప్రశ్నార్థకం దాకా చదివి ఆగాక, అప్పుడు అరచెయ్యి మొత్తం ఎత్తి బజర్ మీద వేసేవాడు, తలుపు తట్టినట్టు. అప్పటికి అవతలి జట్టు జవాబు చెప్పేసేది. విరామంలో అడిగాను, ఎందుకు ఆగుతున్నావు అని. "మీరు మాట్లాడుతున్నారు కదా మేడమ్" అన్నాడు.

పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డు రాకూడదని మేమే నేర్పాం. వాడు అదే పాటించాడు. ఆ పూట వాళ్ల జట్టు ఆఖరి స్థానంలో నిలిచింది. నా స్టాప్‌వాచ్ మాత్రం సెకనులో పదోవంతు కూడా తప్పలేదు.

ఇది సాధన లోపం, ఇందులో ప్రశ్న రాసినవాళ్ల తప్పేముంది అంటారేమో. ఆ మాటకే వస్తున్నాను.

ఇంకో ఏడాది పోటీ అయిపోయాక హాలు ఖాళీ అవుతుంటే ఓడిపోయిన జట్టులోని ఒకమ్మాయి నోట్‌బుక్కు పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. ఫిర్యాదేమో అనుకున్నాను. కాదు. వాళ్లు వదిలేసిన ప్రశ్నలన్నీ వరసగా రాసుకుంది. ప్రతి ప్రశ్న ఎదురుగా ఒక గీత గీసి ఖాళీ పెట్టుకుంది. "మేడమ్, ఇవి ఏ పుస్తకాల్లో ఉంటాయో చెప్తారా, వచ్చే ఏడాదికి చదువుకుంటాను" అంది. సంతోషంగా చెప్పడం మొదలుపెట్టాను. ఇది ఫలానా పాఠం, ఇది ఎన్‌సైక్లోపీడియా, ఇది భూగోళం అట్లాసు. నాలుగోదో అయిదోదో, ‘మామూలు పియానోలో ఎన్ని మీటలుంటాయి?’ అన్నది. ఎనభై ఎనిమిది. తెల్లవి 52, నల్లవి 36. ఏ పుస్తకంలో చదివానా అని ఆలోచించాను. ఏ పుస్తకంలోనూ చదవలేదు. చిన్నప్పుడు స్నేహితురాలి ఇంట్లో పియానో ముందు కూర్చుని వేలితో లెక్కపెట్టాను. తర్వాతి ప్రశ్న టెన్నిస్‌లో నలభై-నలభై అయితే ఆ స్కోరును ఏమంటారన్నది. డ్యూస్. అదీ పుస్తకంలో చదివింది కాదు, మైదానం పక్కన కూర్చుని ఆట చూస్తూ తెలుసుకున్నది. ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని నిలబడింది, నేను పుస్తకం పేరు చెప్తానని.

ఏం చెప్పానో సరిగ్గా గుర్తు లేదు. జనరల్ నాలెడ్జి పుస్తకాలు చదువమ్మా అని ఏదో అన్నట్టున్నాను.

ఆ రాత్రి నా పాత ప్రశ్నల నోట్‌బుక్కులు ముందేసుకుని కూర్చున్నాను. జవాబు స్కూలు పుస్తకంలోనో గ్రంథాలయంలోనో దొరికే ప్రశ్నలను వదిలేశాను. ఇల్లో, ప్రయాణమో, ఖరీదైన క్రీడో, సంగీతం క్లాసో నేర్పితే తప్ప రాని వాటి పక్కన పెన్సిల్‌తో ఇంటూ పెట్టుకుంటూ పోయాను. గుర్రప్పందేల మాటలు, బ్యాలే అడుగుల పేర్లు, పడవ పోటీలు, పెద్ద హోటళ్లలో వంటల ఫ్రెంచి పేర్లు. మూడో వంతుకు పైగా ఇంటూలు పడ్డాయి. వాటిని ‘ఆసక్తికరమైన ప్రశ్నలు’ అనుకుని నేనే ఏరి ఏరి పెట్టాను. నేను పెరిగిన పద్ధతిలో పెరిగినవాళ్లకు ఆసక్తికరమైనవి అని అప్పుడు తట్టలేదు.

ఇది నా ఒక్కదాని జబ్బే అయితే మీకు ఉత్తరం రాసేదాన్ని కాదు. అమెరికాలో కాలేజీ ప్రవేశాలకు పెట్టే శాట్ పరీక్షలో ఒకప్పుడు పోలికల ప్రశ్నలుండేవి. పరుగు పందెగాడికి మారథాన్ ఎలాగో, తెడ్డు వేసేవాడికి రెగట్టా అలాగ అన్నది అందులో బాగా పేరు మోసినది. రెగట్టా అంటే పడవ పందెం. పడవ క్లబ్బులున్న చోట పెరిగిన పిల్లలకు అది పొద్దున లేస్తే వినపడే మాట. మిగతావాళ్లకు, ఎంత తర్కం తెలిసినా, అర్థం కాని శబ్దం. ఆ ప్రశ్న కొలిచింది తర్కాన్నా, చిరునామానా? పోలికల ప్రశ్నలను ఆ పరీక్షలోంచి 2005లో తీసేశారు. ఆ ప్రశ్న రాసినాయన కూడా నాలాగే, ఎవరికీ అన్యాయం చేయాలనుకుని ఉండడు.

దీనికి ఎదురుగా అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌ను పెట్టి చూస్తే ప్రశ్న రాసేవాళ్లు తలుచుకుంటే ఏం చేయగలరో కనిపిస్తుంది. 1959లో రుమేనియాలో ఏడు దేశాలతో మొదలైంది. ఇప్పుడు ఒక్కో దేశం నుంచి ఆరుగురి దాకా, రెండు రోజులు, రోజుకు నాలుగున్నర గంటల్లో మూడు లెక్కలు, లెక్కకు ఏడు మార్కుల చొప్పున మొత్తం 42. అక్కడ కలనగణితం (కాల్క్యులస్) రాకపోయినా చేయగలిగేలా లెక్కలు ఎంచుతారు. పై తరగతుల పాఠాలు ముందే చదివించిన స్కూలుకు ఆ కారణంగా ఆధిక్యం రాకూడదని అందులో ఇమిడి ఉంది. ప్రశ్నపత్రాన్ని ప్రతి దేశం పిల్లలకూ వాళ్ల భాషలోకి మార్చి ఇస్తారు, వాళ్లు తమ భాషలోనే రాస్తారు. లెక్కలు రావడమొకటి, పరాయి భాష రావడమొకటి, ఈ రెంటినీ కలిపి కొలవకూడదని ఎవరో కూర్చుని ఆలోచించారు కాబట్టే అది జరిగింది. మా క్విజ్‌లలో మేం ఆ మాత్రం కూడా ఆలోచించలేదు.

అలాగని ఒలింపియాడ్‌లో డబ్బు పని చేయదని కాదు. శిక్షణ శిబిరాలు, ప్రత్యేక కోచింగులు ఎవరికి అందుతాయో వాళ్లే ఎక్కువగా అక్కడికి చేరతారు. ఇరాన్‌కు చెందిన మరియం మీర్జాఖానీ 1994లో బంగారు పతకం తెచ్చుకుంది, 1995లో 42కి 42 మార్కులతో మళ్లీ తెచ్చుకుంది, 2014లో గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ అందుకున్న తొలి మహిళ అయింది. ఆమె మేధస్సు గురించి అందరూ రాస్తారు. నాకు నచ్చింది ఆమే చెప్పుకున్న ఒక చిన్న సంగతి. మగపిల్లల స్కూల్లో ఉన్నలాంటి లెక్కల సాధన క్లాసులు మాకూ కావాలని ఆమె, స్నేహితురాలు వెళ్లి అడిగితే, వాళ్ల ప్రిన్సిపాల్ కాదనకుండా ఏర్పాటు చేయించింది. ఆ ప్రిన్సిపాల్ ‘చూద్దాంలే’ అని ఉంటే? ఎన్ని స్కూళ్లలో ఎంతమంది ‘చూద్దాంలే’ అని ఉంటారు? నేనూ ఎన్నిసార్లు అన్నానో.

డబ్బు తలుపు తీసుకుని నేరుగా లోపలికి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అమెరికా జాతీయ స్పెల్లింగ్ పోటీలో (అది హైస్కూలుకు ముందు తరగతులవాళ్లది, అయినా ఇక్కడికి పనికొస్తుంది) 2018లో ఒక కొత్త దారి తెరిచారు. తమ ప్రాంతపు పోటీలో గెలవని పిల్లలు కూడా దరఖాస్తు పెట్టుకుని, 750 డాలర్ల రుసుము కట్టి, ప్రయాణం, బస ఖర్చులు తామే పెట్టుకుంటే జాతీయ పోటీకి రావచ్చు. ప్రాంతీయ పోటీలే లేని చోట్ల పిల్లలకు న్యాయం చేయడానికి అన్నారు. అందులో నిజం లేకపోలేదు. ఆ ఏడాది విజేత ఆ దారిలో వచ్చిన పిల్లాడే. అతను నిజంగా సమర్థుడు, అందులో అనుమానం లేదు. నా బాధల్లా అతనంత సమర్థులై ఉండి, ప్రాంతీయ పోటీలో ఒక్క అక్షరం తప్పి, ఆ 750 డాలర్లు లేక ఇంట్లో టీవీలో చూస్తూ ఉండిపోయినవాళ్ల గురించి. వాళ్ల సంఖ్య ఎవరి దగ్గరా ఉండదు. తర్వాత ఆ దారి మూసేశారు.

సైన్స్ ఫెయిర్లది మరో కథ. ఒకసారి చాలా చక్కని ప్రాజెక్టు చూశాను. పెద్ద పరిశోధనశాలలో చేసిన పని, గ్రాఫులు అద్దంలా ఉన్నాయి, పోస్టరు ముద్రణ పత్రికలా ఉంది. కుర్రాడు తడబడకుండా వివరించాడు. ఒక గ్రాఫులో మధ్యలో రెండు బిందువులు లేవు. ఏమైందని అడిగాను. "ఆ రోజుల్లో మిషన్ పాడైందట" అన్నాడు. "అట" దగ్గర ఆగాను. నువ్వు లేవా? "నేను అప్పటికి ఇంకా చేరలేదు మేడమ్" అన్నాడు నిజాయితీగా. పిల్లాడు అబద్ధం ఆడలేదు, అడిగితే చెప్పాడు. మా మార్కుల పత్రంలో మాత్రం అది రాయడానికి గడి లేదు. ప్రదర్శనకు ఇన్ని, ఫలితాల కచ్చితత్వానికి ఇన్ని అని ఉన్నాయి. రెంటిలోనూ పూర్తి మార్కులు వేయక తప్పలేదు. మొదటి బహుమతి అతనికే వచ్చింది. సంతకం నాదే.

గడి పెట్టడం అసాధ్యమేమీ కాదు. 1950లో మొదలై ఇప్పుడు ప్రపంచమంతటి హైస్కూలు పిల్లలూ వచ్చే ఐసెఫ్ సైన్స్ ఫెయిర్‌లో 1సి అనే ఫారం ఉంది. విశ్వవిద్యాలయంలోనో పరిశ్రమలోనో పని చేసిన విద్యార్థి ఏం చేశాడో, అక్కడి పెద్దలు ఎంత సాయం చేశారో ఆ పెద్దలే రాసి సంతకం పెట్టాలి. దాన్ని ప్రాజెక్టు దగ్గర అందరికీ కనపడేలా పెట్టాలి. దాంతో అంతా సమానమైపోతుందని నేననను, పరిశోధనశాలలో చుట్టాలున్న పిల్లలకు ఉన్న సౌకర్యం ఎక్కడికీ పోదు. కనీసం జడ్జి కళ్లు మూసుకుని సంతకం పెట్టక్కర్లేదు.

ఇక్కడ ఒక చేదు ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే నా వాదన ఏకపక్షమవుతుంది. 1995లో షికాగోలో స్టైన్‌మెట్జ్ అనే మామూలు ప్రభుత్వ హైస్కూలు పిల్లలు పది విషయాల్లో స్కూలు జట్లు పోటీ పడే ఇలినాయ్ రాష్ట్ర అకడమిక్ డెకాథ్లాన్‌లో గెలిచారు. ఏళ్ల తరబడి ఆ కప్పు అదే నగరంలోని విట్నీ యంగ్ స్కూలుది. ఆ స్కూల్లో పిల్లలను ఏరి చేర్చుకుంటారు. స్టైన్‌మెట్జ్‌కు వచ్చిన మార్కులు చూసి నిర్వాహకులకు అనుమానం వచ్చింది, మళ్లీ పరీక్ష రాయమన్నారు, వాళ్లు ఒప్పుకోలేదు, కప్పు వెనక్కి తీసుకున్నారు. ప్రశ్నపత్రం ముందే వాళ్ల చేతికి చిక్కిందని, కోచ్‌కూ తెలుసని తర్వాత బయటపడింది. కాపీ కొట్టడం తప్పే. నా క్లాసులో అయితే నేను సున్నా వేసేదాన్ని, ఇప్పుడైనా వేస్తాను. పేదరికం దానికి సాకు కాదు, ఎందుకంటే ఆ రోజు నిజాయితీగా రాసి వెనకబడిన మామూలు స్కూళ్లు ఇంకా ఉన్నాయి, అన్యాయం ముందు వాళ్లకు జరిగింది. అయితే ఒక సంగతి గమనించండి. దొంగిలించిన ప్రశ్నపత్రాన్ని అందరం వెంటనే గుర్తుపట్టాం. పరీక్షలో ఏం వస్తుందో ముందే చెప్పగల కోచింగు, ఏరి చేర్చుకున్న తరగతి, ఏడాదంతా బజర్ సాధన, ఇవి కూడా ప్రశ్నపత్రాన్ని కొంత కొంత ముందే చూపించేవే. వాటిని దొంగతనం అనను, అనకూడదు కూడా. వాటి గురించి విచారణలూ జరగవు.

ఆ డెకాథ్లాన్ నిర్మాణంలోనే ఒక తెలివైన నియమం ఉంది. తొమ్మిదిమంది జట్టులో అందరూ క్లాసు ఫస్టులు ఉండటానికి వీల్లేదు. ముగ్గురు బాగా చదివేవాళ్లు, ముగ్గురు మధ్యస్థులు, ముగ్గురు తక్కువ గ్రేడులవాళ్లు ఉండాలి, ఎవరి వర్గంలో వాళ్లే పోటీ పడతారు. అంటే గెలవాలంటే స్కూలు వెనక బెంచీవాళ్లను కూడా కూర్చోబెట్టి చెప్పి తీరాలి. దీనికి ఖర్చు లేదు. ఎవరో ఒకరు నియమం రాసేటప్పుడు ఎవరు బయట మిగిలిపోతారో ఆలోచించారు, అంతే.

మీ వ్యాసకర్త అభ్యంతరం నాకు తెలుసు, మా కమిటీలోనూ ఇదే వినిపించేది: ఇవన్నీ చేస్తే ప్రమాణం పడిపోతుంది. పియానో ప్రశ్న తీసేసి నేను పెట్టినది ఇది: ఒకే పొడవు దారానికి చిన్న రాయి, పెద్ద రాయి మార్చి మార్చి వేలాడదీసి ఊపితే, ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి ఏది ఎక్కువ సమయం తీసుకుంటుంది, ఎందుకు? సగం జట్లు పెద్ద రాయి అన్నాయి. బజర్ గట్టిగా నొక్కిన జట్లు కూడా అలాగే అన్నాయి. నిజానికి రెంటికీ దాదాపు ఒకే సమయం పడుతుంది, బరువుతో పని లేదు. దీని జవాబు ఏ స్కూలు పుస్తకంలోనైనా ఉంది, దారం ఏ ఇంట్లోనైనా దొరుకుతుంది. ప్రమాణం పడిపోయిందో, పెరిగిందో మీరే చెప్పండి.

చివరి రెండేళ్లలో చేయగలిగినవి కొన్ని చేశాను. పోటీకి ముందు అన్ని జట్లనూ బజర్ల దగ్గర అరగంట కూర్చోబెట్టి, మార్కులు లేని ప్రశ్నలు అడిగేదాన్ని. నా మాట పూర్తయ్యేలోపే నొక్కొచ్చని, అది మర్యాద తప్పడం కాదని గట్టిగా చెప్పేదాన్ని. ప్రశ్నలు రాశాక నాలాంటి ఇంట్లో పెరగని మనిషికి ఇచ్చి చదివించేదాన్ని. మా స్కూల్లో ప్రయోగశాల శుభ్రం చేసే ఆవిడ నా ప్రశ్నల్లో మూడింటిని చూసి ఇవెవరికి తెలుస్తాయమ్మా అంది. మూడూ కొట్టేశాను. రెండు మంచి ప్రశ్నలే పోయాయని ఇప్పటికీ కొంచెం బాధ ఉంది, దాచుకోను. ప్రవేశ రుసుము తీసేయమని అడిగాను, అది మాత్రం చేయించలేకపోయాను.

మీకు ఒక విన్నపం. ప్రతి పోటీ తర్వాతా మీరు విజేతల ఫోటో వేస్తారు, కప్పు పట్టుకుని, పక్కన ప్రిన్సిపాల్‌తో. వేయండి, ఆ పిల్లలు కష్టపడ్డారు. ఫోటో కింద ఒక్క లైను కలపండి: ఈ పోటీ గురించి ఎన్ని స్కూళ్లకు సమాచారం అందింది, ఎన్ని వచ్చాయి, ప్రవేశ రుసుము ఎంత, ప్రశ్నలు ఎవరు రాశారు. నిర్వాహకులను అడిగితే చెప్తారు. చెప్పకపోతే ‘చెప్పలేదు’ అని వేయండి.

మీ వ్యాసకర్తకు ఆసక్తి ఉంటే నా పాత నోట్‌బుక్కులు పంపిస్తాను. పెన్సిల్ ఇంటూలు చెరపలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు